మనల్ని ఓడించినవాళ్ళు గెలవాలి

2006 అక్టోబర్ 29, ఆదివారం

షార్జాలో ఈద్ సెలవులు అయిపోయాయి, ఆదివారం ఇక్కడ పనిరోజే. శ్రీజ కాలేజీ నుంచి వచ్చి బ్యాగు సోఫాలోకి విసిరింది. అది వెళ్ళి వాళ్ళ నాన్న టీ కప్పుకి తగిలింది. ఈయన గుడ్డ తెచ్చి తుడుచుకున్నారు.

జరిగింది ఇది. వాళ్ళ స్పోర్ట్స్ మేడమ్ దోహాలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయింది. డీన్ శ్రీజని పిలిచి, మార్చిలో ఫైనల్స్‌కి ఈసారైనా వెళ్తే సరే, లేకపోతే అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్ ఖలాస్, సాయంత్రాలు హాలు అబ్బాయిల బ్యాడ్మింటన్‌కి ఇచ్చేస్తాం అన్నాడట. మా అమ్మాయి ఆ టీమ్‌కి కెప్టెన్. ఇంకా ఏడాదిన్నర చదువుంది దానికి. ఆ హాలు లేకపోతే చదువూ సరిగ్గా సాగదు, నాకు తెలుసు.

నాకు అర్థమైనంత వరకు రాసి పెట్టుకుంటాను. కాలేజీలన్నిటినీ చీట్లు తీసి మూడు గ్రూపులు చేస్తారు. ఒక్కో గ్రూపులో పైనున్న ఇద్దరూ తిన్నగా ఫైనల్స్‌కి వెళ్తారు. మన గ్రూపులో రెండు రాక్షస టీములున్నాయి. ఎంత బాగా ఆడినా మనం మూడే. ఫైనల్స్‌లో ఆడేది ఎనిమిది టీములు, ఇంకా రెండు సీట్లు మిగులుతాయి కదా, వాటికి కమిటీ ఎవరో ఒకరిని ఎంచుతుంది. అప్పుడు గ్రూపు బయట ఆడిన మ్యాచ్‌లు కూడా చూస్తారట. ఆ బయటి మ్యాచ్‌లు ఎవరికి వారే ఫోన్లు చేసి కుదుర్చుకోవాలి. ఆ ఫోన్లు చేసే మనిషే ఇప్పుడు దోహాలో ఉంది.

నేను చేస్తానన్నాను.

తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి నా మొహం చూశారు. రాజమండ్రి ఎక్స్‌చేంజిలో పదకొండేళ్ళు ట్రంక్ కాల్స్ కలిపినదాన్ని, కలెక్టర్లని లైన్లో నిలబెట్టినదాన్ని. కాలేజీలకి ఫోన్ చెయ్యలేనా?

శ్రీజ ఒక్కటే అడిగింది. ఈజీ టీముల్ని పట్టమ్మా, మనం గెలవాలి అంది.


నవంబర్ 1, బుధవారం

డీన్ ఒప్పుకున్నాడు. జీతం లేని మనిషంటే ఎవరికి చేదు? పైగా అమ్మాయిలు వేరే ఎమిరేట్‌కి, మన లెక్కలో వేరే రాష్ట్రానికి, వెళ్తే పెద్ద ఆడమనిషి ఒకరు తోడుండాలట. అదీ నేనే.

బస్సు డ్రైవర్ మనవాడే, దేవేందర్, జగిత్యాల వైపు. నేను తెలుగులో మాట్లాడేసరికి మొహం వెలిగిపోయింది. పొద్దున ఫ్యాక్టరీ వాళ్ళని తోలుతా, పొద్దుమీకి కాలేజోళ్ళను తోలుతా, యాడికైనా చెప్పుండ్రి అక్కా అన్నాడు. మొదటి పరిచయంలోనే అక్కనైపోయాను.


నవంబర్ 5, ఆదివారం

ఎన్నాళ్ళకి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను! పొద్దున్న ఎనిమిదికి మొదలుపెడితే అన్నం తినడం కూడా గుర్తు లేదు. వేలికి నొప్పి వచ్చింది గానీ ఇంతలా నవ్వుకుంటూ గడిపిన రోజు ఈ దేశం వచ్చాక ఇదే.

ముందు ఉమ్ అల్ క్వైన్ కాలేజీ. వాళ్ళు మెత్తని టీమ్ అని శ్రీజ చెప్పింది. ఈ నెల ఇరవై రమ్మన్నారు. గోడమీద పంచాంగం చూద్దును కదా, అమావాస్య. సీజన్‌లో మొదటి మ్యాచ్ అమావాస్య నాడా? ఆ రోజు మాకు వీలుపడదన్నాను.

తర్వాత రాస్ అల్ ఖైమా. వీళ్ళు ఇంకా మెత్తన. ఇరవై ఎనిమిది అన్నారు. మంగళవారం, పైగా అష్టమి. సారీ అన్నాను.

అజ్మాన్ వాళ్ళు శనివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి అన్నారు. సరిగ్గా రాహుకాలం. పంచాంగం రాజమండ్రిది కాబట్టి గంటన్నర తీసి కూడా చూశాను, ఎటు తిప్పినా బాగాలేదు. వేరే టైము లేదన్నారు. వద్దన్నాను.

ఆ తర్వాత అల్ ఐన్ చేశాను. శనివారం సాయంత్రం, పంచమి! అబూదాబీ వాళ్ళు గురువారం, దశమి! ఇంకో అబూదాబీ కాలేజీ, మళ్ళీ దశమి! ఏ తారీఖు చెప్పినా ముహూర్తం పెట్టినట్టు కుదిరింది. అన్నీ ఒప్పేసుకున్నాను. సాయంత్రానికి డైరీలో ఖాళీ లేదు.

నేను వద్దన్న తారీఖులన్నీ ఫుజైరా వాళ్ళు ఎగరేసుకుపోయారట. పోనీలే పాపం.


నవంబర్ 25, శనివారం

అల్ ఐన్ చేతిలో ఓడిపోయాం. ఎంత తేడాతోనో రాయను.

వాళ్ళ హాల్లోకి మగవాళ్ళని రానివ్వరు. ఈయన, దేవేందర్ బయట బస్సులో కూర్చున్నారు. నాతో పాటు లోపలికి వచ్చింది విశాలాక్షి ఒక్కతే. ఆవిడ కూతురూ మన టీమే, మదురై వాళ్ళు. పాపం, ఆవిడ రెండో క్వార్టర్ నుంచి కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంటోంది.

చివరి క్వార్టర్‌కి అల్ ఐన్ కోచ్ తన పెద్ద ప్లేయర్లందర్నీ కూర్చోబెట్టి బెంచీ మీది పిల్లల్ని దింపింది. ఆ కోచ్ పేరు గ్రేస్, ఫిలిప్పీన్స్ ఆవిడ, మనిషి చిన్నది, విజిల్ పెద్దది. ఆ బెంచీ పిల్లలు హెస్సా, మరియం, షమ్మా. వాళ్ళతో మన పిల్లలు చక్కగా ఆడారు. మ్యాచ్ అయ్యాక అందరూ కలిసి నేను తెచ్చిన పులిహోర తిన్నారు. కారం అంటూనే రెండోసారి పెట్టించుకున్నారు.


డిసెంబర్ 1, శుక్రవారం

నిన్న అబూదాబీలో మళ్ళీ ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో బస్సులో విశాలాక్షి అమాయకంగా అడిగింది, ఉమ్ అల్ క్వైన్ వాళ్ళు పిలిస్తే వద్దన్నారట, ఎందుకని. అమావాస్య అండీ అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. మా వైపు అమావాస్య మంచి రోజు, మా ఆయన కారు కొన్నదే అమావాస్య నాడు అంది.

ముందు సీట్లో శ్రీజ తల నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

అబూదాబీ పొలిమేరలో మఫ్రఖ్ దగ్గర మొదలైన రభస షార్జాలో మా బిల్డింగ్ లిఫ్ట్ దాకా సాగింది. మూడు ఈజీ టీముల్ని తిథుల కోసం వదిలేశావా, దేశంలో ఉన్న పులులన్నిటినీ ఏరి తెచ్చి మా మీదకి వదిలావా అంది. ఈయన నన్ను వెనకేసుకు రావాలా వద్దా? శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది శ్యామలా అని పకపకా నవ్వారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. పిల్ల ఒక్కటే అడిగింది నన్ను. ఆ ఒక్కటీ చెయ్యలేదు.


డిసెంబర్ 2, శనివారం

ఇక్కడి నేషనల్ డే. ఊరంతా జెండాలు. శ్రీజ మాట్లాడటం లేదు.


డిసెంబర్ 5, మంగళవారం

ఇంకా లేదు. ఉప్పు కావాలన్నా వాళ్ళ నాన్నకి చెప్పి నన్ను అడిగిస్తోంది.


డిసెంబర్ 15, శుక్రవారం

నిన్న రెండో అబూదాబీ కాలేజీతో నాలుగు పాయింట్లతో ఓడిపోయాం. నాలుగే! నేను లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే పక్కావిడ, మీరే గెలిచారా అని అడిగింది.

దేవేందర్‌కి చెబితే, అక్కా, కొండను ఢీకొన్న పొట్టేలుకు కొమ్ములు ఇరుగుతయనుకున్న, మనోళ్ళకు గట్టిపడుతున్నయ్ గదా అన్నాడు.

నిజమే అనిపిస్తోంది. ఈ వారం గ్రూపు లీగ్‌లో కూడా రెండు గెలిచారు. పెద్ద టీములతో తన్నులు తిని వచ్చాక మామూలు టీములు వీళ్ళకి నెమ్మదిగా పరిగెడుతున్నట్టు కనిపిస్తున్నాయట. ఈ మాట శ్రీజే చెప్పింది, నాతోనే, దోసె తింటూ. పదిహేను రోజుల తర్వాత. నేను ఏమీ ఎరగనట్టు ఇంకో దోసె వేశాను.


2007 జనవరి 10, బుధవారం

ఫోన్ పెట్టేసి తిన్నగా రాయడానికి కూర్చున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీ.

బయటి మ్యాచ్‌లు అయిపోయాయి. చివరకి ఎలాగో రెండు గెలిచాం, మిగతావన్నీ ఓటమే. ఇక ఆశ ఉందా లేదా అని తేల్చుకుందామని కమిటీ సెక్రటరీకి ఫోన్ చేశాను. లెబనాన్ ఆయన, మంచి గొంతు. సార్, ఇన్ని ఓడిపోయిన టీమ్‌ని మీరు అసలు చూస్తారా అని అడిగేశాను.

ఆయన నవ్వాడు. మేడమ్, మేము ఎన్ని గెలిచారన్నది ఒక్కటే చూడం, ఎవరితో ఆడారో చూస్తాం, మీరు ఆడిన టీములు ఏడాదంతా ఎన్ని గెలిచాయో కలుపుతాం, గెలుపులు తక్కువున్నా గట్టివాళ్ళతో ఆడినవాళ్ళకి విలువ ఎక్కువ అన్నాడు. తర్వాత కాగితాలు తిప్పిన చప్పుడు. ఈ ఏడాది అందరికన్నా కష్టమైన షెడ్యూల్ మీ కాలేజీదే, ఎవరు వేశారు, చాలా ధైర్యం అన్నాడు.

నేనే అన్నాను.

ఏ ఆలోచనతో అని అడిగాడు. పిల్లలు గట్టివాళ్ళతో ఆడి నేర్చుకోవాలని సార్ అన్నాను. ఏం చెయ్యమంటారు మరి? పంచాంగం గురించి ఇంగ్లీషులో ఎక్కడి నుంచి మొదలుపెట్టను?

నవ్విన నాపచేనే పండుతుందని మా అమ్మ ఊరికే అనేది కాదు.


జనవరి 11, గురువారం

శ్రీజకి నమ్మకం కుదరలేదు. మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. దానికి అర్థమయ్యేలా చెప్పాను. మా పెద్దక్కని చూడటానికి జమీందారు సంబంధం వాళ్ళు వచ్చారు. కట్నం దగ్గర కుదరక వెళ్ళిపోయారు. అయినా ఊళ్ళో అక్క విలువ ఆ రోజు నుంచే పెరిగింది, అంత పెద్దవాళ్ళు గుమ్మం తొక్కారని. ఆ తర్వాత అన్నీ మంచి సంబంధాలే వచ్చాయి. ఇదీ అంతే.

దిస్ ఈజ్ సో సెక్సిస్ట్ అమ్మా అంది శ్రీజ. కానీ అర్థమైంది. నవ్వి నవ్వి నా ఒళ్ళో పడింది.

అప్పుడు ఈయన పేపర్లోంచి తలెత్తి అసలు మాట అన్నారు. మీరు ఆడిన టీములు ఇకముందు గెలిచే ప్రతి మ్యాచ్ మీ లెక్కలోకి వస్తుంది కదా, అయితే మిమ్మల్ని ఓడించినవాళ్ళందరూ ఇప్పుడు గెలవాలి అన్నారు.

నేను వెళ్ళి పెద్ద గిన్నె తీశాను. పులిహోర ఎంతమందికి కలపాలో లెక్క వెయ్యాలి.


జనవరి 26, శుక్రవారం

టీమ్ మొత్తం అబూదాబీ వెళ్ళాం, ఆడటానికి కాదు, అరవడానికి. మొన్న నవంబర్లో మనల్ని ఓడించిన కాలేజీ ఇవాళ ఇంకెవరితోనో ఆడుతోంది. శ్రీజ ముందు రానంది. నన్ను తన్నిన వాళ్ళకి నేను చప్పట్లు కొట్టాలా అంది. బస్సులో దేవేందర్‌దీ అదే గోడు. గిదేం కథ అక్కా, మనల్ని కొట్టినోళ్ళకు మనమే జై కొట్టుడా, మా ఊళ్ళ జెప్తె నవ్వుతరు అన్నాడు. అయినా జుమ్మా రోజు సెలవు మానుకుని వచ్చాడు.

అబూదాబీ వాళ్ళకి మేమెవరమో, ఎందుకు అరుస్తున్నామో అంతుపట్టలేదు. సగం మ్యాచ్ దాకా అనుమానంగా చూశారు. సగం తర్వాత వాళ్ళ తల్లులు వచ్చి మా మధ్యలో కూర్చున్నారు. ఫ్లాస్కుల్లోంచి ఖహ్వా, అదే వాళ్ళ కాఫీ, పోశారు. వాళ్ళ అరబీ, మన తెలుగు, విశాలాక్షి తమిళం, అన్నీ కలిపి, పదండి పదండి అన్నట్టు యల్లా అంటే అందరికీ అర్థమైంది.

గెలిచారు. నా గొంతు పోయింది. ఇంటికి వచ్చి ఏం కూర చెయ్యాలని సైగలతో అడిగితే ఈయన, ఇంత ప్రశాంతత పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి అన్నారు.


ఫిబ్రవరి 10, శనివారం

లీగ్ అయింది. గ్రూపులో మూడో స్థానం, ఊహించినదే. మిగిలిన రెండు సీట్లలో ఒకటి షార్జాలో ఇంకో కాలేజీకి ఖాయమట. రెండోదానికి మనమూ, ఫుజైరా. వాళ్ళవి బోలెడు గెలుపులు, అన్నీ మెత్తని టీముల మీద. నేను అష్టమనీ, అమావాస్యనీ వదిలేసినవే. మనవి తక్కువ గెలుపులు, అన్నీ పులుల మధ్య.

సమానంగా ఉన్నారు మేడమ్ అన్నాడు సెక్రటరీ. ఫుజైరాకి ఇంకో మ్యాచ్ మిగిలింది, అల్ ఐన్‌తో. ఫుజైరా గెలిస్తే సీటు వాళ్ళది. అల్ ఐన్ గెలిస్తే మనది. అంత తేటతెల్లం.

అల్ ఐన్ వాళ్ళు ఈ ఏడాది ఒక్కటీ ఓడిపోలేదు. మేము ఈ సాయంత్రమే కేసరి చేసుకుని తిన్నాం. తొందరపడ్డామేమో.


ఫిబ్రవరి 22, గురువారం

గ్రేస్ ఫోన్ చేసింది. పులిహోర ఎలా చెయ్యాలో చెప్పమని. చెప్పాను. మాటల్లో మాటగా అంది, రేపు ఫుజైరా మ్యాచ్‌లో పెద్ద ప్లేయర్లు ఎవరూ ఆడరట. అల్ ఐన్ ఎప్పుడో ఫైనల్స్‌కి వెళ్ళిపోయింది కదా, ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు, అందరికీ రెస్ట్ ఇస్తోందట. బెంచీ పిల్లల్నే దింపుతుందట.

విషయం ఈయనకి చెప్పాను.

ఒక్కమాట అడిగి చూడు, నలుగురినైనా ఆడించమను అన్నారు ఈయన. ఫోన్ చేతిలోనే ఉంది. నంబర్ సగం నొక్కి పెట్టేశాను. ఆ పిల్లల మోకాళ్ళు వాళ్ళవి. నా కూతురి హాలు కోసం ఇంకొకరి కూతురి మోకాలు అడుక్కోలేను. ఈ మాట శ్రీజకి చెబితే తిడుతుందనుకున్నాను. చేతి మీద చెయ్యి వేసి, కరెక్ట్ అమ్మా అంది. కానీ మొహం చిన్నబోయింది. పొద్దుటి నుంచీ ఆ హాలు తాళంచెవి కీ చైన్ వేలికి తిప్పుతూ తిరుగుతోంది. నాకు దిగులుగా ఉంది.


ఫిబ్రవరి 23, శుక్రవారం

మొత్తం రాస్తాను, ఒక్కటీ వదలను.

పొద్దున్నే శ్రీజ టీమ్ అందరికీ ఫోన్లు చేసింది. ఎలాగైనా వెళ్దాం, ఆడేది ఎవరైనా మనకి తెలిసినవాళ్ళే కదా అంది. పన్నెండు మంది అమ్మాయిలు, నేను, విశాలాక్షి. బయట బస్సులో ఈయన, దేవేందర్.

అల్ ఐన్ హాల్లో వాళ్ళ వైపు పట్టుమని పదిమంది లేరు. అల్ ఐన్ వాళ్ళకి ఈ మ్యాచ్‌తో పని లేదు, వాళ్ళ మనుషులు రాలేదు. ఫుజైరా వాళ్ళు మాత్రం తల్లులు, పిన్నులు, పిల్లలు, డప్పుతో సహా దిగారు. హెస్సా, మరియం, షమ్మా, ఇంకో ఇద్దరు గోడకి అంటుకుపోయినట్టు నిలబడ్డారు. ఏడాదంతా గెలిచేసిన మ్యాచ్‌ల చివర్లో దిగే పిల్లలు వాళ్ళు. వాళ్ళ కోసం ఎవరైనా అరవడం ఎప్పుడూ విని ఉండరు.

మొదటి క్వార్టర్‌లో ఫుజైరా బాగా ముందుంది. షమ్మా చేతిలోంచి బాల్ జారిపోయింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు.

అప్పుడు శ్రీజ లేచి షమ్మా పేరు పెట్టి పిలిచింది. ఒక్కతే, హాలు అదిరేలా. షమ్మా ఉలిక్కిపడి ఇటు చూసింది. మరుక్షణం మన పన్నెండు మందీ లేచారు. హెస్సా ఎడమచేత్తో వేస్తుందని, మరియం మూల నుంచి కొడుతుందని మన పిల్లలకి తెలుసు, మనల్ని చితకబాదిన రోజు చివర్లో వీళ్ళతోనే కదా ఆడింది. మరియం, కార్నర్ అని అరిచేవాళ్ళు. మరియం మూలకి పరిగెత్తేది. వేసేది. పడేది! గ్రేస్ వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి, విజిల్ మర్చిపోయి తనూ అరవడం మొదలుపెట్టింది.

మూడో క్వార్టర్‌కి సమానం. ఇక సీటు గురించి కూడా ఆలోచించలేదు, ఒట్టు. ఆ ఐదుగురు పిల్లలు గెలవాలి, అంతే. విశాలాక్షి ఈసారి కళ్ళు మూసుకోలేదు. నా చెయ్యి పట్టుకుని గిల్లుతూనే ఉంది, ఇప్పుడు చూసినా మచ్చ కనిపిస్తోంది.

చివరి నిమిషంలో అల్ ఐన్ ఒక పాయింట్ వెనక. బాల్ హెస్సా చేతిలో. హాలంతా డప్పు. మన పిల్లలు హెస్సా హెస్సా అని ఒకటే పాట. ఎడమచేత్తో వేసింది. రింగు మీద తిరిగింది, తిరిగింది, లోపల పడింది.

తర్వాత ఎవరు ఎవరిని కావలించుకున్నారో చెప్పలేను. ఆ ఐదుగురూ వాళ్ళ బెంచీ వైపు కాకుండా మా వైపు పరిగెత్తుకొచ్చారు. ఫుజైరా కెప్టెన్ దూరంగా ఒంటరిగా కూర్చుంది. శ్రీజ వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

బయటికి వస్తే దేవేందర్ గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. ఏమైంది అక్కా, లోపల లొల్లి ఇనిపిస్తుంది గానీ గెలుసుడో ఓడుడో తెలుస్తలేదు, పాణం పోతుంది అన్నాడు. గెలిచారు అన్నాను. మనమేనా అన్నాడు. మనమే అన్నాను.


ఫిబ్రవరి 27, మంగళవారం

సీటు వచ్చింది.


ఫిబ్రవరి 28, బుధవారం

డీన్ స్వయంగా ఫోన్ చేశాడు. హాలు అమ్మాయిలదేనట, వచ్చే ఏడాది కూడా. మీ స్ట్రాటజీ అద్భుతం మేడమ్, స్టాఫ్ మీటింగ్‌లో వచ్చి చెప్పాలి అన్నాడు. పక్కన ఈయన దగ్గు వచ్చినట్టు నటిస్తూ నవ్వు ఆపుకుంటున్నారు. వస్తానన్నాను. ఏం చెబుతానో దేవుడికే తెలియాలి.


మార్చి 9, శుక్రవారం

ఫైనల్స్. మొదటి మ్యాచ్ అల్ ఐన్‌తోనే. ఆరు పాయింట్లతో ఓడిపోయాం. అది కాదు రాయాల్సింది.

ఇవాళ వాళ్ళ పెద్ద ప్లేయర్లు ఆడారు. హెస్సా వాళ్ళు మళ్ళీ బెంచీ మీద. శ్రీజ మొదటి బాస్కెట్ వెయ్యగానే ఆ బెంచీ అంతా లేచి చప్పట్లు కొట్టింది. గ్రేస్ కళ్ళెర్రజేసి కూర్చోబెట్టింది.

రెండో బాస్కెట్‌కి మళ్ళీ లేచారు.